అత్త చేతిలో మొగ్గ

నాన్నకు డయాలసిస్ జరిగే పూటే అత్తకు అంతరిక్షం నుంచి ఇంటికి ఫోన్ చేసుకునే వంతు వచ్చేది. అందుకని అత్త మాటలు మా ఇంటివాళ్ళమే కాదు, వార్డంతా వినేది. అమ్మ ఫోన్‌ని సెలైన్ స్టాండుకి చేతిరుమాలుతో కట్టేది. తెర మీద అత్త మొహం కాస్త ఉబ్బి, జుట్టంతా పైకి లేచి, ఒక్కోసారి పూర్తిగా తలకిందులుగా కనిపించేది. పక్క మంచం కూర్మయ్య తాత ప్రతిసారీ ఒకటే అడిగేవాడు, పైనుంచి తన జీడితోట కనిపిస్తోందా అని. కనిపిస్తోంది, కంచె పడిపోయిన చోట మేకలు దూరాయి అని అత్త చెప్పేది. ఆయన అది నిజమనుకుని అప్పటికప్పుడు కొడుక్కి ఫోన్ చేయించి తిట్టేవాడు. సూదులు గుచ్చుకుని పడుకున్న వాళ్ళంతా కదలకుండా నవ్వేవాళ్ళు. ఎక్కువ కదిలితే మిషన్ అరుస్తుంది మరి.

ఆ రోజు అత్త నవ్వించలేదు. ఎడమ చేతి చొక్కా పైకి మడిచి కెమెరా దగ్గర పెట్టింది. మోచేతికి కిందుగా, లోపలి వైపు, చర్మం కింద చిన్న ఉబ్బు కనిపించింది. జీడిపిక్కంత ఉంది.

మొగ్గ బాగా కట్టిందని చెప్పింది. మొగ్గ అంటే ఏమిటో ఆ వార్డులో ఎవరికీ వివరించక్కర్లేదు. మా ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు తగలని వీధి లేదు. కొత్త కిడ్నీగా ఎదిగే ఆ మొగ్గ కోసం తమ ఒంట్లోంచి చిటికెడు కణాలిచ్చి, వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తున్న వాళ్ళే అక్కడందరూ. అది ఎవరిదని కూర్మయ్య తాత అడిగాడు. అత్త ఆయనకు జవాబు చెప్పకుండా నాన్న వైపు చూసింది.

"ఇది నీదే అన్నియ్యా" అంది.

ఎవరో చప్పట్లు కొట్టారు. అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న మాత్రం తెర వైపే చూస్తూ, సూది లేని చేత్తో రుమాలు ముడి తడిమాడు.

"నువ్వు జాగర్తగా దిగు పాపా. నాకదొక్కటే కావాల" అన్నాడు. "ఇది మాత్రం నాకొద్దు."

ముడి ఊడి ఫోన్ దుప్పటి మీద పడింది. నాన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దేశమంతా డాక్టర్ దమయంతి అని పిలిచే మనిషిని నాన్న ఇప్పటికీ పాప అనే పిలుస్తాడు. తాతయ్య, నానమ్మ ఇదే జబ్బుతో ఒకరి వెనక ఒకరు పోయేనాటికి అత్త బడిలో ఉంది. నాన్న చదువు మానేసి పలాసలో జీడిపిక్కలు కాల్చే పనికి వెళ్ళాడు. పిక్కల నూనె తగిలి వేళ్ళ చర్మం నల్లగా ఊడి వస్తుంటే ఆ చేతులతోనే అత్తకు జడ వేసేవాడట. అత్త డాక్టరై మొదట పనిచేసింది నాన్న ఇప్పుడు పడుకునే ఈ వార్డులోనే. తర్వాత అంటార్కిటికాలో మన స్థావరానికి డాక్టరుగా వెళ్ళి, సూర్యుడు కనబడని ఆ చలికాలమంతా అక్కడే ఉంది. అక్కడ ఒక వంటవాడి కడుపులో పగిలిన అపెండిక్స్‌ని మత్తు డాక్టరు లేకుండా తానొక్కతే కోసి తీసింది. ఆ కబురు విని ఢిల్లీలో వాళ్ళు అత్తను వ్యోమగామిగా ఎంచుకున్నారని చెబుతారు. అత్త మాత్రం తన ఎత్తుకు సరిపడే అంతరిక్ష సూటు ఖాళీగా ఉండబట్టి ఎంచుకున్నారంటుంది.

ఎక్కడికి వెళ్ళినా నాన్న పసుపు కుంకుమ, చీర, జీడిపప్పు పాకం పెట్టే పంపించేవాడు. అంతరిక్షానికి చీర తీసుకెళ్ళనివ్వరని తెలిసి దాని అంచు కత్తిరించి ఇచ్చాడు. అత్త దాన్ని సూటు లోపల నడుముకి చుట్టుకుని వెళ్ళింది. మా ఇంట్లో ఆడపడుచుకి పెట్టడమే గాని ఆమె దగ్గర పుచ్చుకోవడం లేదు. నాన్న మూత్రపిండాలు చెడిపోయినప్పుడు అత్త తనదొకటి ఇస్తానని వచ్చి కూర్చుంది. నాన్న అన్నం మానేసి, ఆ మాట వెనక్కి తీసుకుంటేనే తింటానన్నాడు. చివరికి అత్తే ఓడిపోయింది.

ఆ ఓటమిలోంచే మొగ్గ పుట్టిందని నేను అనుకుంటాను. అత్త ఎప్పుడూ అలా చెప్పలేదు.

కింద భూమి మీద మొగ్గ ఎందుకు పెరగదో ఒకసారి వంటింట్లో నాకు చూపించింది. అమ్మ సగ్గుబియ్యం జావ కాస్తోంది. అత్త గరిటె లాక్కుని కలపడం ఆపేసింది. గింజలన్నీ అడుక్కి దిగి, ఒకదాని మీద ఒకటి పడి ముద్ద కట్టాయి. కిడ్నీ కణాలు కూడా గాజు గిన్నెలో పెంచితే ఇలాగే వాటి బరువుకి అవే కూలి ముద్దయిపోతాయట. పైన అడుగంటూ ఉండదు కాబట్టి ఏ కణం ఎక్కడుందో అక్కడే వేలాడుతుంది. వాటి మధ్య ఖాళీలు మిగులుతాయి. ఆ ఖాళీల్లోనే రక్తాన్ని వడకట్టే సన్నని గొట్టాలు, వెంట్రుక కంటే సన్నగా, చుట్టలు చుట్టుకుంటూ అల్లుకుంటాయి. ఇదంతా విని అమ్మ, నీ చదువు బాగానే ఉంది గాని నా జావ మాడిపోయింది అని గరిటె వెనక్కి తీసుకుంది.

పైన మొదటి మొగ్గ అంత అందంగానూ అల్లుకుని, గాజులోనే తెల్లబడి చచ్చిపోయింది. రెండోది అంతే. వాటికి వెచ్చగా కదిలే రక్తం కావాలి. ఆ రక్తం బరువు లేని చోట ఉండాలి. రెండూ కలిసి ఉండే చోటు ఒక్కటే, వ్యోమగామి ఒళ్ళు. అత్త మూడో మొగ్గను గాజులోంచి తీసి, తిండిని రానిచ్చి, పరాయి కణాలతో ఒళ్ళు పెట్టుకునే పోట్లాటను రానివ్వని పలచని పొర ఒకటి దానికి తొడిగి, తన చేతికి తానే మత్తిచ్చుకుని చర్మం కింద పెట్టుకుంది. కింద ఉన్న పెద్దలకు ఆ తర్వాతే చెప్పింది. వాళ్ళు అరవడం పూర్తయ్యేదాకా మైకు తీసేసి మొగ్గ వైపే చూస్తూ కూర్చుందట. ఆ మొగ్గ బతికింది. కవిటి దగ్గర ఒక పంతులమ్మ ఒంట్లో వేరు పట్టింది. ఆమె ఇప్పుడు సైకిల్ మీద బడికి వెళుతోంది.

మొగ్గ తేరగా పెరగదు. మోసేవాళ్ళ ఎముకల్లోని సున్నం తింటుంది. బరువు లేని చోట ఎముకలు ఎలాగూ కరుగుతాయి. రెండూ కలిస్తే ఒక మొగ్గ మోసిన మనిషి తేరుకోవడానికి చాలా కాలం పడుతుంది. రెండు మోస్తే ఇక ఏ దూర ప్రయాణానికీ పనికిరారు. ఆ నియమం రాసింది అత్తే.

నాన్న మొగ్గ మోయాల్సింది వేరే వ్యోమగామి. బయలుదేరే ముందు అతనికి జ్వరం తగిలింది. నాన్న కణాలు అప్పటికే పైకి చేరి గాజులో మొగ్గ తొడుగుతున్నాయి. పైనున్న వాళ్ళలో నాన్న నెత్తురుతో కలిసేది అత్తదే. అత్త చొక్కా చెయ్యి మడుచుకుంది. అది తన రెండో మొగ్గ.

చంద్రుడి మీదికి వెళ్ళే మొదటి దళంలో డాక్టరుగా అత్త పేరు ఏడాది కిందటే ఖాయమైంది. అక్కడ మనుషులు ఉండబోయే చోట మొదటి ఆసుపత్రి పెట్టడం తన పని. చిన్నప్పటి నుంచి అత్త కోరుకున్నది అదొక్కటే. నాన్న మొగ్గ గురించి అత్త మాకు చెప్పిన కొన్నాళ్ళకి టీవీలో చంద్రయానానికి వెళ్ళేవాళ్ళ ఫోటోలు చూపించారు. అత్త ఉండాల్సిన చోట ఇంకెవరో ఉన్నారు. అన్నం తింటున్న నాన్న చెయ్యి కంచంలో ఆగిపోయింది. అమ్మ టీవీ కట్టేసింది. నాన్న చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళి, కొబ్బరి మొక్కలకు నీళ్ళు పెట్టడం మొదలుపెట్టాడు. ఆ మొక్కలకు పొద్దున్నే నేను పెట్టాను.

అప్పటినుంచి నాన్న పట్టు ఇంకా బిగిసింది. ఆడపిల్ల దగ్గర పుచ్చుకుంటే ఇంట్లో ఏం జరుగుతుందో చూశావా అని అమ్మతో అన్నాడు. అప్పుడే ఇంత పోగొట్టుకుంది, ఇంకా దాని ఒంట్లోది నేను తీసుకుని బతకాలా అన్నాడు. తీసుకోకపోయినా చంద్రుడు తిరిగి రాడు కదా అని అమ్మ అంటే లేచి వెళ్ళిపోయాడు.

అత్త దిగింది. బంగాళాఖాతంలో పడిన వ్యోమనౌకలోంచి వాళ్ళను ఓడలోకి ఎత్తి విశాఖపట్నం తీసుకొచ్చారు. మేం వెళ్ళేసరికి ఆసుపత్రి మంచం మీద తల కూడా నిలపలేక ఒక పక్కకి వాల్చుకుని ఉంది. పెదవులు ఎండిపోయాయి. నన్ను చూసి చెయ్యి ఎత్తబోయి, సగంలోనే దించేసి నవ్వింది. తన చెయ్యి తనకే బరువైపోయిందని అంది. నాన్న చీర, పసుపు కుంకుమ ఉన్న సంచీ మంచం మీద పెట్టి, ఆ తల కింద చెయ్యి వేసి దిండు సరిచేశాడు. అంతసేపూ ఎడమ చేతి వైపు చూడలేదు.

మొగ్గను కోసి తీసి నాన్న ఒంట్లో పెట్టాల్సిన డాక్టరు పేరు సాల్మన్. వయసులో చిన్నవారు. ఆయన నాన్నకు చాలా ఓపిగ్గా చెప్పారు. ఆ మొగ్గలో ఉన్న కణాలన్నీ నాన్నవేనని, అత్త దానికి చోటు మాత్రమే ఇచ్చిందని, కింద బరువుకి అది రోజురోజుకీ అణిగిపోతోందని, తన మనిషి రక్తం తగిలితేనే వేరు పట్టి గట్టిపడుతుందని అన్నారు. స్కానులో మొదటి రోజు బొమ్మా, ఆ రోజు బొమ్మా పక్కపక్కన చూపించారు. గుండ్రంగా ఉన్నది ఒక పక్క అప్పుడే చదునవుతోంది. నాన్న రెండూ శ్రద్ధగా చూశాడు. ఇంకెవరికైనా పెట్టమన్నాడు. ఇంకెవరికీ అతకదని సాల్మన్ గారు చెప్పారు. అయితే తీసి పారేయండి, మా చెల్లి ఎముకలు తినకుండా ఉంటుంది అని నాన్న చేతులు జోడించాడు.

అత్త కూడా వాదించింది. డాక్టరు వాదించినట్టే వాదించింది. నాన్న తలూపుతూ అంతా విన్నాడు, ఒప్పుకోలేదు. డయాలసిస్ పూట దాటిపోకూడదని ఆ మధ్యాహ్నమే ఊరికి బయలుదేరాడు. నన్ను, అమ్మను అత్త దగ్గర ఉంచాడు.

మర్నాడు అమ్మ కాఫీకి వెళ్ళినప్పుడు గదిలో నేనూ అత్తా మిగిలాం. నాకు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడం రాదు. అత్తతో మాత్రం ఊరి కబుర్లు చెప్పగలను. మా వీధి కబుర్లన్నీ వరసగా చెప్పుకుంటూ పోయాను. కూర్మయ్య తాత కూతురు నీలవేణి పురిటికి పుట్టింటికొచ్చిందని, తాత మంచం మీదే ఉన్నాడు కాబట్టి నొప్పులొచ్చిన రోజున నాన్నే ఆటో తీసుకొచ్చాడని, తన డయాలసిస్ పూట అని కూడా చూసుకోకుండా దగ్గరుండి ఆసుపత్రిలో చేర్పించాడని, అమ్మ కేకలేస్తే పురిటికొచ్చిన ఆడపిల్లకి కాదు లేదు అంటామా అన్నాడని చెప్పాను.

అత్త కళ్ళు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. తర్వాత సాల్మన్ గారిని పిలవమంది.

ఆపరేషన్ మా ఊరికి దగ్గరున్న పెద్దాసుపత్రిలో చేసుకోవచ్చా అని ఆయన్ను అడిగింది. ఆయన చేయవచ్చన్నారు గాని, ఒప్పుకోని మనిషికి ఎక్కడైనా ఎలా చేస్తామన్నారు. ముందు అంబులెన్స్ తెప్పించమంది అత్త. ఈ ఒంటితో అంత దూరం కుదుపులు పడకూడదని ఆయన చెప్పబోతే, ఆ నియమాలు రాసిందాన్ని నేనే కదా అంది. దారి పొడుగునా అత్త కళ్ళు మూసుకునే ఉంది. గోతి వచ్చినప్పుడల్లా ఎడమ చేతిని కుడి చేత్తో పట్టుకునేది. ఏం ఆలోచిస్తోందో అమ్మకు గాని నాకు గాని చెప్పలేదు.

అంబులెన్స్ మా వీధిలోకి వచ్చేసరికి ఎండ ఎక్కింది. అరుగుల మీద జీడిపిక్కలు ఒలుస్తున్న ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. అత్తను చక్రాల కుర్చీలో దించారు. అమ్మ లోపలికి తోయబోతే గడప ముందే ఆపమంది. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకుని, దాని మీద కుడి చెయ్యి బోర్లించుకుంది.

"వదినా, పురిటికొచ్చినాను" అంది. "గడప దాటమంటావా, ఎనక్కి పొమ్మంటావా?"

అమ్మ కుర్చీ పిడి వదిలి ముందుకొచ్చింది. అత్త మొహం వైపు చూసింది, ఒళ్ళో ఉన్న చెయ్యి వైపు చూసింది. తర్వాత నా వైపు కూడా చూడకుండా లోపలికి పరిగెత్తి, పళ్ళెంలో పసుపూ సున్నం కలిపిన ఎర్రనీళ్ళు పట్టుకొచ్చింది.

కూర్మయ్య తాత భార్య తవిటమ్మ మామ్మ అప్పటికే గుమ్మం దగ్గరికి వచ్చేసింది. ఆవిడ నోటికి మా వీధంతా భయపడుతుంది.

"ఎన్నో నెలే డాక్టరమ్మా?" అంది నడుం మీద చేతులు పెట్టుకుని. "పొట్ట కనపడదేటి?"

"నిండిపోనాయి పిన్నీ" అంది అత్త. "ఇంకాగితే బిడ్డ దక్కదు."

మామ్మ నవ్వబోయి ఆగిపోయింది. అత్త నవ్వడం లేదు.

నాన్న లోపలినుంచి తువ్వాలు భుజాన వేసుకుని వచ్చాడు. ఎర్రనీళ్ళ పళ్ళెం, కుర్చీలో అత్త, వీధిలో జనం, అంబులెన్స్ తలుపు పట్టుకుని నిలబడ్డ సాల్మన్ గారు, అన్నీ ఒకదాని తర్వాత ఒకటి చూశాడు.

"ఏటిది పాపా, ఈ ఎకసెక్కాలేటి?"

"ఎకసెక్కం కాదు అన్నియ్యా. నాకు పెళ్ళి సెయ్యలేకపోనానని, ఒక పురుడు పొయ్యలేకపోనానని నువ్వు బాధపడని పండగ నేదు. ఇప్పుడొచ్చినాను. మొదటి పురుడు పుట్టింటోళ్ళదే గదా. నాకు పుట్టిల్లంటే నువ్వే." అత్త ఊపిరి చాలక ఆగింది. "నేను నీకేటీ ఇవ్వట్లేదు. ఒంట్లో ఒకదాన్ని మోసుకొచ్చినాను. దించుకోడానికి సోటడుగుతున్నాను."

అత్త తల మెల్లగా పక్కకి వాలిపోతోంది. దాన్ని నిలబెట్టడానికి ఆమె పడుతున్న అవస్థ మెడ నరాల్లో తెలుస్తోంది. నాన్న మెట్టు దిగాడు. కుర్చీ ముందు గొంతుక్కూర్చుని, విశాఖపట్నంలో ఒక్కసారి కూడా చూడని ఆ చేతి వైపు ఇప్పుడు చూశాడు. తువ్వాలుతో వేళ్ళు తుడుచుకుని ఆ ఉబ్బు మీద వేలు ఆనించాడు. పసిపిల్ల మాడు మీద చెయ్యి వేసినట్టు చాలా తేలిగ్గా ఆనించాడు.

"కదుల్తోందే" అన్నాడు.

అది అత్త నాడి. అక్కడున్న డాక్టర్లిద్దరికీ ఆ సంగతి తెలుసు. ఇద్దరూ చెప్పలేదు.

నాన్న లేచి సాల్మన్ గారి వైపు తిరిగి, ఆసుపత్రికి ఎంతసేపు పడుతుందని అడిగాడు. అమ్మ ఎర్రనీళ్ళు తిప్పి వీధిలో పారబోసింది. అత్త కుర్చీ చక్రాలు గడప తాకి వెనక్కి తిరిగాయి. కుర్చీని అంబులెన్స్‌లోకి ఎక్కించాక నాన్న కూడా చెప్పుల్లేకుండానే ఎక్కబోయాడు. మీరు వెనక కారులో రావచ్చండి అని సాల్మన్ గారన్నారు.

"పురిటికి ఆడపిల్లని ఒక్కదాన్నే పంపుతారేటండీ" అని నాన్న ఆమె పక్కన కూర్చున్నాడు.

ఆపరేషన్ రెండు గదుల్లో జరిగింది. మధ్యలో తలుపు తీసి ఉంచారు. అత్త చేతిలోంచి తీసిన మొగ్గ ఒక పక్క అణిగిపోయి ఉందని, మిగిలిన పక్క బాగానే ఉందని, నాన్న పొత్తికడుపులో పెట్టి రక్తనాళం కలపగానే ఎర్రబడిందని సాల్మన్ గారు బయటికి వచ్చి చెప్పారు. ఇక అది పని మొదలుపెడుతుందో లేదో చూడడమే మిగిలింది. ఎవరికీ ఏమీ తెలియని రోజులు గడిచాయి. నర్సు వచ్చి నాన్న మంచం పక్కనున్న మూత్రం సంచీ చూసి వెళ్ళేది. ఖాళీగానే ఉండేది. పక్క గదిలోంచి అత్త నన్ను పిలిచి, ఏమైనా కనిపించిందా అని అడిగేది. లేదని చెప్పడం నాకు చేతకాక తల అడ్డంగా ఊపేదాన్ని.

అణిగిన భాగం లోపల గొట్టాలు మూసుకుపోయాయేమో అని ఒకరోజు సాల్మన్ గారు అత్తతో మెల్లగా అన్నారు. అత్త సరే అంది. ఆయన వెళ్ళాక మంచం పట్టీ పట్టుకుని లేచి నిలబడబోయింది. కాళ్ళు ఆగలేదు. నేను వెళ్ళి పట్టుకున్నాను. ఆమె ఒళ్ళు ఎంత తేలికగా ఉందో అప్పుడు తెలిసింది. తలుపు దాకా తీసుకెళ్ళమంది. ఇద్దరం తలుపు చట్రాన్ని పట్టుకుని నిలబడ్డాం. నాన్న నిద్రలో ఉన్నాడు. గొట్టంలో ఒక చుక్క నిలిచి ఉంది. చెమట చుక్కలా ఉంది. మేం చూస్తుండగానే అది జారి సంచీలో పడింది. వెనక ఇంకొకటి కట్టింది.

అత్త నా భుజం మీద తల పెట్టేసింది. అమ్మ వచ్చి, సంచీ చూసి, ఆ గదిలోనే నేల మీద కూర్చుండిపోయింది. నాన్న లేచేసరికి సంచీ అడుగున పసుపుపచ్చగా కొంచెం చేరింది. ఆయన దాని వైపు చూసి సిగ్గుపడి దుప్పటి మీదికి లాక్కున్నాడు. సాయంత్రానికి ఆ కబురు డయాలసిస్ వార్డుకి చేరింది. మా వంతు ఎప్పుడని కూర్మయ్య తాత ఫోన్లో అడిగాడు. పైన ఇప్పుడు ఎవరో మోస్తున్నారు బాబాయ్ అంది అత్త. అది ఎవరి మొగ్గో మాత్రం చెప్పలేదు.

అత్త మా ఇంటికే వచ్చింది. పురిటి మనిషి ఎక్కడికీ వెళ్ళకూడదని అమ్మ తీర్పు చెప్పింది. సాల్మన్ గారు రాసిచ్చిన తిండి ఒకటి, అమ్మ పెట్టే పథ్యం ఒకటి. వెల్లుల్లి కారం, పొట్లకాయ, నెయ్యి, గోరువెచ్చని నీళ్ళు. చల్లనీళ్ళడిగితే అమ్మ డాక్టరని కూడా చూడకుండా కసిరేది. ఇన్నాళ్ళూ గుక్కలు లెక్కపెట్టుకున్న నాన్న మాత్రం ఇప్పుడు చెంబుల కొద్దీ నీళ్ళు తాగాలి. అత్త ఎదురుగా కూర్చుని, గుక్క గుక్కకీ కళ్ళు మూసుకుంటూ కుండలో నీళ్ళు తాగేవాడు. అది చూసి అత్త, ఈ ఇంట్లో న్యాయం లేదని నాతో ఫిర్యాదు చేసేది.

నేను రోజూ అత్తను పెరట్లో నడిపించేదాన్ని. కొన్నాళ్ళకి కర్ర మీద, తర్వాత గోడ మీద చెయ్యి ఆనించి నడిచింది. ఎముకలు మాత్రం మునుపటిలా ఎన్నటికీ కావు. ఆ సంగతి ఆమె నాన్నకు చెప్పలేదు. సాల్మన్ గారిని విడిగా అడిగి నాన్నే తెలుసుకున్నాడు. వచ్చి అత్తతో ఆ మాట ఎత్తలేదు.

చంద్రుడి మీదికి దళం బయలుదేరే మధ్యాహ్నం వీధంతా మా ఇంటికి వచ్చి టీవీ ముందు కూర్చుంది. అత్త అందరికీ ఒక్కో గది, ఒక్కో మీట పేరు చెప్పింది. తన బదులు వెళ్ళే డాక్టరు చాలా మంచి పిల్ల అని, తన దగ్గరే నేర్చుకుందని చెప్పింది. రాకెట్ లేచింది. తవిటమ్మ మామ్మ దండం పెట్టుకుంది. పొగ మాత్రమే మిగిలాక ఒక్కొక్కరూ లేచి వెళ్ళిపోయారు.

అత్త తెర వైపు చూస్తూనే ఉంది. అంతసేపూ నవ్విన మొహం అలాగే ఉండి, కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను.

నాన్న లోపలికి వెళ్ళి నువ్వులనూనె గిన్నె వెచ్చబెట్టి తీసుకొచ్చాడు. అత్త మంచం చివర నేల మీద కూర్చున్నాడు. చీర కుచ్చిళ్ళు కాస్త పైకి జరిపి, ఆమె పాదం ఎత్తి తన ఒళ్ళో పెట్టుకున్నాడు. అత్త ఉలిక్కిపడి కాలు లాక్కోబోయింది.

"అన్నియ్యా, వద్దు. పెద్దోడివి, నా కాళ్ళేటి..."

నాన్న తల ఎత్తలేదు. నూనె అరచేతిలో పోసుకుని, నల్లబడిన వేళ్ళతో ఆమె పిక్క మీద పైనుంచి కిందికి మెల్లగా రాయడం మొదలుపెట్టాడు.

"పురిటి మనిషివి" అన్నాడు. "కదలకు."